నాలుగు చక్రముల నడకగల ట్రాక్టరు: టైర్లలో గాలి యెంత యుండవలెను?

ట్రాక్టరు కొనునప్పుడు మనము ఇంజను బలమెంత యని యడుగుదుము. గంటకు నూనె యెంత త్రాగునో విచారింతుము. నాలుగు చక్రములును నేలను పట్టి లాగునా, వెనుక రెండు మాత్రమే లాగునా యని చూతుము. కాని టైర్లలో గాలి యెంత యుండవలెనని యడుగువారు మిక్కిలి యరుదు. ఇంజను బలమంతయు నేలకు చేరుట, ఆ నాలుగు టైర్లు నేలను తాకు నాలుగు చిన్న తావుల మూలముననే గదా! ఆ తావు చాలినంత లేనియెడల, ఎంత బలముగల ఇంజనైనను నేలను గీరుచు నూనె త్రాగుటకే పనికివచ్చును.

మొదట నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను. ఒక గ్రామమున అద్దె ట్రాక్టరొకటి పగలు దున్ని, సాయంకాలమున తొట్టి తగిలించుకొని కంకర తోలుచుండెను. డ్రైవరు బాటపని నిమిత్తము వెనుక టైర్లలో 28 పౌనుల గాలి పట్టించి, ఆ గాలితోనే తొలకరి వాన పడిన మూడవనాడు ఒక రైతు నల్లరేగడి చేనిలో దిగెను. దుక్కి పైకి బాగుగనే కనబడినది. ప్రత్తి వేసిరి. భాద్రపదము నాటికి చేనంతయు నడుమెత్తున నుండగా, చక్రములు నడచిన జాడల వెంబడి మొక్కలు మోకాలెత్తు దాటలేదు. రైతు పురుగని యొకమారు, ఎరువు చాలలేదని యొకమారు మందులకును ఎరువులకును సొమ్ము వెచ్చించెను. తుదకు గడ్డపారతో త్రవ్వి చూడగా జానెడు లోతున నేల యిటుకవలె గట్టిపడియుండెను. మొక్కల తల్లివేరు అచటికి దిగి, ముందుకు పోలేక ప్రక్కకు వంగిపోయెను. ఆ నష్టము పురుగు చేసినది కాదు, ఎరువు లేక కలిగినది కాదు. తడినేలపై గట్టి టైరు చేసినది.

బరువు మోయునది గాలియే

టైరు రబ్బరు బరువును మోయుచున్నదని మనము తలంతుము. నిజమునకు బరువులో నధిక భాగమును మోయునది లోపలి గాలి. రబ్బరును, అందలి నూలుపొరలును ఆ గాలిని పట్టియుంచు సంచి మాత్రమే. దీనినిబట్టి మిక్కిలి సులభమైన లెక్క యొకటి యేర్పడుచున్నది. ఒక వెనుక చక్రముపై 800 కిలోల బరువున్నదనుకొందము. లోపలి గాలి చదరపు సెంటీమీటరునకు 1 కిలో చొప్పున ఒత్తుచున్నయెడల, టైరు సుమారు 800 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకును. గాలిని 2 కిలోలకు పెంచినయెడల తాకు తావు 400కు తగ్గును. టైరు గోడల బిగువువలన ఈ లెక్కలో కొంచెము తేడా వచ్చునుగాని, మార్గము తెలియుటకు ఇది చాలును.

బురదలో దిగువాడు కాలిక్రింద పలక వేసికొనును గదా. గాలి తగ్గించుట యనగా టైరుక్రింద పలక వెడల్పు చేయుట. తావు పెరిగినకొలది నేలపై నొత్తిడి తగ్గును; టైరు దిమ్మలు ఎక్కువగా మట్టిని పట్టి, జారుట తగ్గును.

పైని చెప్పిన కిలో లెక్కను కొందరు పౌనులలో చెప్పుదురు. చదరపు సెంటీమీటరునకు 1 కిలో యనిన చదరపు అంగుళమునకు సుమారు 14 పౌనులు. మన డ్రైవర్లు 'పాయింట్లు' అనునవి ఈ పౌనులే. గాలి పట్టించు అంగడులలో నీ మాటయే చెల్లుచున్నది గావున ఇకమీద పౌనులనే వాడెదము.

ఇది క్రొత్తగా కనిపెట్టిన విషయము కాదు. డన్లప్ 1888లో గాలిటైరును సైకిలునకు అమర్చెను. ట్రాక్టరు మాత్రము ఇంకను నలువది యేండ్లకు పైగా ఇనుప చక్రములతోనే నడచినది. 1932లో అమెరికాలో ట్రాక్టర్లకు తక్కువ గాలితో నడచు రబ్బరు టైర్లు అమర్చి యమ్మసాగిరి. ఆ కాలముననే లిబియా ఎడారిలో మోటారు కార్లతో సంచరించిన బాగ్నోల్డు అను ఆంగ్లేయుడు, మెత్తని యిసుకలో దిగునప్పుడు టైర్ల గాలి తగ్గించినగాని బండి సాగదని గ్రహించెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారు నీటను నేలను నడచునట్లు నిర్మించిన 'డక్' అను ఆరు చక్రముల బండిలో, డ్రైవరు తన పీఠము వద్దనుండియే టైర్ల గాలిని హెచ్చించుటకును తగ్గించుటకును వీలు కల్పించిరి. ఇసుకకొక గాలి, గట్టిబాటకొక గాలి యను సూత్రము ఎడారిలో ఎట్లు చెల్లినదో మన చేలలోను అట్లే చెల్లును.

పొలమునకొక లెక్క, బాటకొక లెక్క

అట్లయిన గాలి యెంత తగ్గించిన నంత మేలా? కాదు. గాలి మిక్కిలి తగ్గినయెడల టైరు గోడలు ప్రతి చుట్టునకును మడతపడి లేచుచు వేడెక్కును. నిదానముగా నడచు దుక్కిలో ఆ వేడి ఆరిపోవును. బరువు తొట్టి లాగుచు బాటపై వేగముగా పోవునప్పుడు ఆ వేడి ఆరదు. గోడల నూలుపొరలు తెగి, బీటలు వారును. అంతియేగాక, గాలి చాలని టైరు ఇనుప చట్రముపై జారి, ట్యూబు వాల్వును మొదలంట తెంచివేయును. రెండు చక్రముల తొట్టి తన బరువులో కొంత భాగమును ట్రాక్టరు వెనుక చక్రములపై మోపునని మరువరాదు.

కావున గాలిని నిర్ణయించునవి రెండు: చక్రముపై బరువు, నడచు వేగము. బరువు హెచ్చినను, వేగము హెచ్చినను గాలి హెచ్చవలెను. ఈ రెండును తక్కువైనప్పుడు, టైరు తయారుచేసినవారి పట్టిక అనుమతించు కనిష్ఠము వరకు గాలి తగ్గింపవచ్చును. ఉదాహరణమునకు, 40 మొదలు 50 గుఱ్ఱముల బలముగల ట్రాక్టర్లకు మనదేశమున సాధారణముగా వచ్చు అడ్డపొరల టైర్లలో, వెనుకవానికి దుక్కియందు 12 మొదలు 14 పౌనులు, బరువు తోలు బాటపై 18 మొదలు 20 పౌనులు వాడుక. రేడియల్ టైర్లు ఇంతకంటె తక్కువ గాలితోను అదే బరువు మోయగలవు. ఈ యంకెలు మార్గము చూపుటకు మాత్రమే. మీ ట్రాక్టరుతో వచ్చిన పుస్తకమునందలి పట్టికయే మీకు ప్రమాణము.

దుక్కిలో ఒక వెనుక చక్రము చాలులో దిగి నడచునప్పుడు బండి ఆవైపునకు ఒరిగి, ఆ చక్రముపై బరువు హెచ్చును. అట్టి పనికిని, వాలు భూములలో అడ్డముగా నడచు పనికిని వెనుక టైర్లకు కనిష్ఠముకంటె నాలుగు పౌనులు హెచ్చుగా నుంచుట క్షేమము.

నాలుగు చక్రముల పొత్తు

వెనుక చక్రములు మాత్రమే లాగు ట్రాక్టరునకు ముందు టైర్ల గాలిలో కొంచెము హెచ్చుతగ్గులున్నను లాగుడునకు పెద్ద లోపము రాదు. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరు సంగతి వేరు. ఇందు ముందు చక్రములు చిన్నవి, వెనుకవి పెద్దవి. రెంటిని పండ్లచక్రములు ఒకదానితో నొకటి ముడివేసియుంచును. ముందు చక్రములు వెనుకవానికంటె నూటికి 1 మొదలు 5 పాళ్లు ముందుగా పరుగిడునట్లు తయారుచేసినవారు అమర్తురు. ఈ కొంచెపు ముందడుగుననే ముందు చక్రములు లాగుచు బండిని తిన్నగా నడపును.

గాలి తప్పినయెడల ఈ పొత్తు చెడును. ముందు టైర్లలో గాలి తగ్గగా అవి నణగి, ఒక చుట్టునకు నడచు దూరము తగ్గి, ముందడుగు పోవును. అప్పుడు ముందు చక్రములు లాగుటకు మారుగా వెనుకవానికి అడ్డుపడును. వెనుక టైర్లలో గాలి మిక్కిలి తగ్గినను, ముందు టైర్లలో మితిమీరినను ముందడుగు హద్దు దాటి, ముందు టైర్ల దిమ్మలు ఆకురాయి పట్టినట్లు అరుగును. నూనె వ్యర్థమగును, పండ్లచక్రములపై భారము పడును. జోడెడ్లలో నొకటి ముందుకు లాగి, రెండవది వెనుకకు తన్నిన దుక్కి యెట్లుండునో మనకు తెలియనిది కాదు.

ఈ పొత్తును పరీక్షించుటకు యంత్రమేమియు అక్కరలేదు. గట్టి మట్టినేలపై, పనిముట్టు నెత్తి, ముందు వెనుక టైర్లపై సున్నముతో గుర్తు పెట్టుడు. ముందు చక్రముల లాగుడు తప్పించి, వెనుక చక్రము సరిగా 20 చుట్లు తిరుగువరకు నడిపి, ముందు చక్రమెన్ని చుట్లు తిరిగినదో లెక్కింపుడు. పిమ్మట లాగుడు తగిలించి మరల నట్లే చేయుడు. మొదటిమారు 28 చుట్లు, రెండవమారు 29 చుట్లు వచ్చినవనుకొందము. 28కి ఒకటి హెచ్చు. అనగా నూటికి మూడున్నర. ఇది సరియైనదే. రెండుమారులు సమానముగా వచ్చినను, రెండవమారు తగ్గినను, ముందు టైర్లలో గాలి తగ్గినదో, అవి అరిగిపోయినవో చూడవలెను. టైర్లు మార్చునప్పుడు సైతము తయారుచేసినవారు చెప్పిన జోడునే వేయవలెనుగాని, అంగడిలో చవుకగా దొరికిన కొలతను వేయరాదు.

తారుబాటపైకి రాగానే ముందు చక్రముల లాగుడు తప్పింపవలెను. మెత్తని నేలలో కొంచెము జారుటచేత సర్దుకొను ఆ తేడా గట్టిబాటపై సర్దుకొనదు; అది టైర్లను, పండ్లచక్రములను తినివేయును.

బరువు తూచి, గాలి నిర్ణయించుట

ఏ చక్రముపై నెంత బరువున్నదో తెలియక గాలి నిర్ణయించుట, రోగము తెలియక మందిచ్చుటవంటిది. మార్కెట్టు యార్డునందో, బియ్యపు మిల్లువద్దనో బండికాటా యున్నది గదా. పనిముట్టు తగిలించి పైకెత్తిన స్థితిలో మొదట ముందు చక్రములను మాత్రము, పిమ్మట వెనుక చక్రములను మాత్రము కాటాపై నిలిపి తూపింపుడు. ఒక్కొక్క సంఖ్యను రెంటిచే భాగించిన నొక్కొక్క చక్రపు బరువు వచ్చును. నాలుగు చక్రములు లాగు ఈ జాతి ట్రాక్టర్లలో పనిముట్టు లేనప్పుడు మొత్తము బరువులో నూటికి సుమారు 40 పాళ్లు ముందు నుండును. బరువైన రోటవేటరును వెనుక నెత్తగానే ముందు తేలిక యగును, వెనుక బరువెక్కును. ఈ సంఖ్యలను పట్టికతో పోల్చి, ఆ బరువునకు ఆ వేగమున నెంత గాలి చెప్పబడినదో చూడుడు. ఈ లెక్క యొక్కమారు చేసి టైరు కప్పుపై రంగుతో వ్రాసికొన్నయెడల ఏండ్లకొలది పనికివచ్చును.

గాలి సరిపోయినదా యని పొలములో తెలిసికొనుటకు జారుడు లెక్క మంచి సాధనము. పనిముట్టు నెత్తి వెనుక చక్రము 10 చుట్లు తిరుగు దూరమును కొలిచి, పిమ్మట దున్నుచు 10 చుట్ల దూరమును కొలువుడు. మొదటిది 40 మీటర్లు, రెండవది 36 మీటర్లు అయినయెడల జారుడు నూటికి 10. నాలుగు చక్రముల ట్రాక్టరునకు 8 మొదలు 12 వరకు మంచిది. 15 దాటినయెడల నూనె మట్టిపాలగుచున్నదన్నమాటే. గాలి హెచ్చుగా నున్నదో, బరువు చాలదో, లోతు మించినదో విచారింపుడు. జారుడు మరీ తక్కువైనయెడల ట్రాక్టరు అనవసరపు బరువును మోయుచున్నదని యర్థము.

కొలుచునప్పటి జాగ్రత్తలు

కాలితో తన్నిచూచి గాలి చెప్పు నలవాటు మానవలెను. 12 పౌనులకును 20 పౌనులకును భేదము కాలికి తెలియదు. లారీ టైర్లకు వాడు పెద్ద కొలతగడియారమునను తెలియదు. నూరు పౌనులు దాటి కొలుచు దానియందు రెండు పౌనుల తేడా కంటికానదు. తక్కువ గాలి కొలుచు చిన్న గేజి నొకటి పనిముట్ల పెట్టెలో నుంచవలెను.

తెల్లవారుజామున, పని మొదలు పెట్టకమునుపు, టైరు చల్లగా నున్నప్పుడు కొలువుడు. ఎండలోను పనిలోను వేడెక్కిన టైరులో గాలి హెచ్చుగా చూపును. అది చూచి గాలి వదలినయెడల మరునాటి యుదయమునకు తక్కువ యగును. కుడియెడమల టైర్లు సమానముగా నుండవలెను; లేనియెడల బండి యొకవైపునకు లాగును, రోటవేటరు ఒకవైపు లోతుగను ఒకవైపు పైపైనను త్రవ్వును. వాల్వు మూత పోగొట్టుకొనరాదు. బురద చేరినయెడల గాలి మెల్లమెల్లగా కారిపోవును.

బరువు కొరకు వెనుక టైర్లలో నీరు నింపువారు, వాల్వు పైకి వచ్చునట్లు చక్రమును నిలిపి, నీరు వాల్వు మట్టమునకు వచ్చువరకు, అనగా టైరులో ముప్పాతిక భాగము వరకే నింపవలెను. గాలి కొలుచునప్పుడును వాల్వు పైననే యుండవలెను. లేనియెడల నీరు గేజిలో దూరుటయేగాక, పైనున్న నీటి బరువుకూడ లెక్కలో చేరి ఒకటి రెండు పౌనులు హెచ్చుగా చూపును.

క్రొత్త టైరు నెక్కించునప్పుడు అంచు చట్రమునకు అతుకుటకై గాలి హెచ్చుగా పట్టింతురు. అప్పుడును 35 పౌనులు దాటరాదు. లారీ టైర్లకు పట్టు గాలియంత్రము వద్ద అజాగ్రత్తగా నున్న టైరు ప్రేలి ప్రాణము తీయగలదు. గాలి పట్టునప్పుడు టైరున కెదురుగా ఎవరును నిలువరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

గాలి చేయలేని పని

తక్కువ గాలి పైపొరను కాపాడునుగాని, అడుగు పొరను పూర్తిగా కాపాడలేదు. లోతున నేల గట్టిపడుట చక్రముపైగల మొత్తము బరువునుబట్టి యుండును. తొక్కుడువలన కలుగు నష్టములో నధిక భాగము మొదటిమారు తొక్కినప్పుడే కలుగును. కావున నేల పదునునకు రాకమునుపు చేనిలో దిగకుండుటయే మొదటి మందు. జానెడు లోతునుండి పిడికెడు మట్టి తీసి అరచేతుల నడుమ నులిమి చూడుడు. దారమువలె సాగినయెడల ఇంకను తడి యెక్కువ, నాగుడు. పెళుసుగా విరిగినయెడల దిగవచ్చును. వరిమడిలో దమ్ము చేయుటకు తగిలించు ఇనుప చక్రముల సంగతి వేరు. అచట నీరు నిలుచుటకై నేలను మెదుపుటయే మన కోరిక. ఆ చక్రములతో తారుబాట యెక్కరాదు.

సంఘము చేయదగినది

గాలి మార్చుట శ్రమయని డ్రైవర్లు అందురు. అది నిజమే. ఉదయము పొలమునకు, సాయంకాలము బాటకు గాలి మార్చవలెననిన, ప్రతిమారును అంగడి దాక పోవుట యెవరికి సాధ్యము? కాని సంఘము తరఫున గాలి పట్టు చిన్న పంపును, మంచి గేజిని గోదాములో నుంచినయెడల ఆ శ్రమ కొద్ది నిమిషములతో తీరును. అద్దె ట్రాక్టరు చేనిలో దిగకముందు గేజి పెట్టి చూపుమని యడుగు హక్కు రైతునకు గలదు. దుక్కి కూలి నిర్ణయించునప్పుడే ఈ షరతును కూడ చేర్చుట యుక్తము. రెండు పనులును ఒకే దినమున చేయక తప్పని ట్రాక్టరు, గాలి మార్చుట సాధ్యము కానియెడల, బాటకు తగిన గాలితోనే నడువవలెను. తక్కువ గాలితో బరువు తోలరాదు. కాని అట్టి ట్రాక్టరును తడి చేనిలోనికి పిలువకుండుట రైతు చేతిలోని పని.

ట్రాక్టరు మూలపడినయెడల మరమ్మతు చేయింపవచ్చును, టైరు అరిగినయెడల క్రొత్తది వేయింపవచ్చును. జానెడు లోతున గట్టిపడిన నేలను మరల గుల్లపరచుటకు ఒక యేటి వ్యవసాయము చాలదు. పైని చెప్పిన ప్రత్తిచేని రైతు మరుసటి వేసవిలో లోతు దుక్కి దున్నించి, జనుము చల్లి దున్నించిన పిమ్మటనే ఆ జాడలు కొంత మాసినవి. ఈ తొలకరికి ముందే తమ తమ ట్రాక్టర్లను ఒక్కమారు కాటా యెక్కించి, గాలి లెక్క వ్రాసియుంచుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.